ఎదురెదురు కిటికీలు

రాజన్న ఫోన్ చేసినప్పుడు నేను దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో ఒక కోల్డ్ స్టోరేజీ కప్పు మీద ఉన్నాను. యంత్రాల చప్పుడులో మొదట ఏమీ వినబడలేదు. కిందికి దిగి, గోడ నీడలోకి వెళ్ళి, మళ్ళీ నేనే చేశాను.

"తమ్మీ, మన పొడుగు పిలగాడు పోయిండట," అన్నాడు. "ఆడుకుంట ఆడుకుంటనే పడ్డడట. కోచ్ సాబ్ ఇప్పుడే చెప్పిండు."

ఎక్కడ అని అడిగాను. ఏదో చలిదేశం, పేరు నోరు తిరగలేదన్నాడు. ఎలా అని అడగలేదు. ఎలాగో నాకు రెండేళ్ళుగా తెలుసు. మా అక్కకీ తెలుసు. అతనికి మా ఇద్దరికంటే ముందు నుంచీ తెలుసు. ఆడితే గుండె ఆగిపోవచ్చని డాక్టరు నా ఎదుటే చెప్పాడు. ఆడకపోతే తను ఏమవుతాడో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేకపోయారు. ఆ రెండింటి మధ్యే అతని ఇరవై ఐదేళ్ళ బతుకూ గడిచింది.

అతని పేరు ఇక్కడ రాయను. వాళ్ళమ్మని అడగకుండా రాయడం బాగుండదు.

నేను కాకినాడలో ఎయిర్ కండిషనింగ్ డిప్లొమా చేసి, అక్క పిలిస్తే షార్జా వచ్చినవాణ్ణి. ఒక స్పోర్ట్స్ క్లబ్బు ఇండోర్ హాల్లో ఏసీలు, లైట్లు, స్కోరుబోర్డు చూసుకునే పని దొరికింది. రెండువేల ఐదు చివర్లో, కొత్త సీజన్ మొదలవుతుండగా, అతను వచ్చాడు. మా క్లబ్బు ఆ ఏడాదికి తెచ్చుకున్న బయటి దేశపు బాస్కెట్‌బాల్ ఆటగాడు అతనొక్కడే. సెర్బియావాడు. పాస్‌పోర్టు మీద మాత్రం ఇంకా యుగోస్లావియా అనే ఉండేది. "లేని దేశం నుంచి వచ్చాను, అందుకే వీసా తొందరగా ఇచ్చారు," అనేవాడు. ఇలాంటి మాటలు నవ్వకుండా అనేవాడు. ఎదుటివాడు నవ్వితే ఆశ్చర్యపోయినట్టు చూసేవాడు.

మొదటిసారి అతన్ని నిచ్చెన మీది నుంచి చూశాను. ఆటగాళ్ళు కూర్చునే బెంచీ పైన చల్లగాలి వచ్చే జాలీ ఒకటి ఉంటుంది. దాని మురికి దులుపుతున్నాను. కింద ఎవరో నిలబడ్డారనిపించి తిరిగితే, నా మొహానికి మొహం ఎదురుగా ఉంది. నేనున్నది నిచ్చెన మీద, అతనున్నది నేల మీద. చెయ్యెత్తి జాలీ ముందు అరచెయ్యి పెట్టాడు, పొయ్యి వేడెక్కిందో లేదో చూసేవాళ్ళలాగా.

"దీన్ని మూసెయ్, మాయ్‌స్తొరే," అన్నాడు.

చేతిపని తెలిసినవాణ్ణి వాళ్ళ భాషలో అలా పిలుస్తారట. మన మేస్త్రీకి దూరపు చుట్టంలా అనిపించి నచ్చింది. బయట ఎండ ఎలా ఉందో చెప్పి, మూస్తే బెంచీ మీద ఉడికిపోతారన్నాను.

"ఉడికితే చెమట పడుతుంది. ఇది చంపేస్తుంది."

"ఏది?"

"గాలి."

వాళ్ళ దేశంలో దీనికి ప్రోమాయ అని ఒక మాట ఉంది. చెమట పట్టిన ఒంటికి ఒక పక్క నుంచి గాలి తగిలి ఇంకో పక్కకి పోతే, వెళ్తూ వెళ్తూ ఏదో ఒకటి పట్టుకుపోతుందట. ఏమేం పట్టుకుపోతుందో అతను వరుసగా చెప్పాడు. నాకు ఏదైనా వరుసలో వింటేనే బుర్రకెక్కుతుంది కాబట్టి మళ్ళీ చెప్పమన్నాను. తల నుంచి కిందికి చెప్పుకొచ్చాడు: చెవి, పన్ను, మెడ, భుజం, మూత్రపిండాలు. చివరిది మాత్రం వరుసలో కిందది కాదు. అక్కడ నోటితో చెప్పకుండా రొమ్ము మధ్య రెండు వేళ్ళు ఆనించి ఊరుకున్నాడు.

నేను నవ్వలేదు. తలంటుకుని ఫ్యాను కింద కూర్చుంటే మా అమ్మ కూడా ఇలాగే అరిచేది. రాజన్న అయితే పూర్తిగా అతని పక్షమే. రాజన్న జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు, హాల్లో చెక్కనేల తుడిచేవాడు. దుబాయ్ వచ్చి సగం వయసు గడిచినా, ఏ దేశంవాడితోనైనా తెలుగులోనే మాట్లాడేవాడు. "గాలి వడితే నడుము వడ్తది, గది నిజమే," అని తీర్పు చెప్పి, ఆ రోజు నుంచి అతని నీళ్ళ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టడం మానేశాడు. కిటికీ గట్టు మీద ఎండలో వరసగా నిలబెట్టేవాడు. "తాగు బిడ్డా, గోరువెచ్చగున్నయ్," అంటే, అతను సెర్బియన్‌లో ఏదో అనేవాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇద్దరూ తలలూపుకునేవారు.

నేను ఆ జాలీ మూశాను. వారం తిరక్కుండా దాని పక్కదీ, ఆ తర్వాత ఎదుటిదీ మూశాను. మా ముదీర్, అంటే క్లబ్బు మేనేజరు, మ్యాచ్ చూడ్డానికి వచ్చి, తెల్లటి పొడుగు కందూరా వీపుకి అంటుకుపోతుంటే నన్ను పిలిపించాడు. ఒక్క ఆటగాడి కోసం హాలంతా పొయ్యి చేస్తావా, రేపు అతను అడిగితే సూర్యుణ్ణి కూడా ఆపుతావా హబీబీ, అన్నాడు. అదే మ్యాచ్‌లో అతను ఆఖరి నిమిషంలో ఎడమచేత్తో విసిరి గెలిపించాడు. ముదీర్ మళ్ళీ జాలీల ఊసెత్తలేదు.

బయటికి వెళ్ళినా ఇదే వరస. ట్యాక్సీ ఎక్కితే ముందు గాలి మూతలు ఒక్కొక్కటే వేలితో తిప్పి మూసేవాడు. ఒక పెషావర్ డ్రైవరు బతిమాలాడు కూడా, అయ్యా నేను చలిదేశంవాణ్ణే, నాకేం కాలేదు, ఒక్కటి తెరుస్తానని. నడుముకి ఉన్ని పట్టీ, మెడకి తువ్వాలు. తల తడిగా ఉంటే గుమ్మం దాటేవాడు కాదు. ఆట అయ్యాక అందరూ బస్సెక్కి హారన్ కొడుతుంటే, అతను కారిడార్‌లో గోడకానుకుని జుట్టు ఆరేదాకా నిలబడేవాడు. ఆ కారిడార్‌లోనే నాతో ఎక్కువ మాట్లాడాడు.

వాళ్ళ ఊళ్ళో యుద్ధం నాటి వసంతంలో బడి మూసేస్తే, సైరన్ మోగుతున్నా పిల్లలంతా ఆరుబయట కోర్టులోనే ఉండేవారట. జీవితంలో అంత ఆట మళ్ళీ ఆడలేదన్నాడు. తర్వాత దేశపు కుర్రాళ్ళ జట్టు శిబిరానికి ఎంపికయ్యాడు. అక్కణ్ణుంచి మొదటి వారంలోనే వాళ్ళమ్మ వచ్చి ఇంటికి తీసుకుపోయింది. పడక గదిలో గాలి ఎక్కువట. ఆ తర్వాత చిన్న జట్టు, అక్కణ్ణుంచి బోస్నియా, అక్కణ్ణుంచి సైప్రస్. ఎక్కడా సీజన్ పూర్తి కాలేదు. ఎందుకు మానేశావంటే ఒకటే జవాబు: హాలు బాగాలేదు. నేను ఏసీవాణ్ణి కదా, హాలు బాగాలేదంటే నమ్మాను. ఒక్కొక్క హాలు కప్పు ఎత్తెంత, కిటికీలు ఎటు వైపు అని అడిగేవాణ్ణి. అతను గోడ మీద వేలితో గీసి చూపించేవాడు.

ఇటలీ వెళ్ళాలని అతని కోరిక. వేసవిలోపు అక్కడి జట్టు మనిషి ఒకడు వచ్చి ఆట చూస్తాడని కోచ్ మాటిచ్చాడు. కోచ్ కూడా సెర్బియావాడే, జుట్టు నెరిసినవాడు, గల్ఫ్‌లో పాతకాపు. ఇద్దరిదీ ఒకే ఊరు. ఇతని తమ్ముణ్ణి కూడా తనే పెద్దవాణ్ణి చేస్తానని కోచ్ అనేవాడు. ఆ తమ్ముడి పేరు లూకా. ఆ పేరు ఎంత తరచుగా వచ్చేదో చెప్పలేను. ఏ కొత్త బూట్లు చూసినా, ఇది లూకాకి సరిపోతుందా అని కొలత చూసేవాడు. లూకా నాకంటే పొడుగవుతాడు, లూకా కుడిచేత్తో ఆడతాడు కాబట్టి అడ్డుకునేవాళ్ళకి సులువు, వాడికి ఇంకా నేర్పాలి అని తనలో తనే లెక్కలు వేసేవాడు.

అతని ఆటలో ఒక తమాషా ఉంది. అందరూ పరిగెత్తుకుంటూ వచ్చే చోటికి అతను ముందే వచ్చి నిలబడి ఉండేవాడు. అనవసరంగా ఎగిరేవాడు కాదు. చెయ్యి చాస్తే బంతి వచ్చి పడేది. కోచ్ దాన్ని తెలివి అనేవాడు, అరబ్బు కుర్రాళ్ళకి చూపించి నేర్చుకోమనేవాడు. నిజంగానే తెలివే. కానీ ఎందుకు నేర్చుకున్న తెలివో మాకప్పుడు తెలియదు.

ఇంకొకటి, బూటు లేసు. ఆట మధ్యలో ఎప్పుడు విజిల్ పడినా అతను గబుక్కున గొంతుక్కూర్చుని లేసు కట్టుకునేవాడు. తల వంచుకుని, మోకాళ్ళు ఛాతీకి ఆనించి, తీరిగ్గా. జట్టువాళ్ళు వేళాకోళం చేసేవారు. ఇతనికి లేసులు లేని చిన్నపిల్లల బూట్లు కొనిద్దామన్నారు. రాజన్న నాతో గుసగుసగా, "తమ్మీ, నేను సూసిన. ముడి ఊడలే. ఊడని ముడే ఇప్పి మల్ల కడ్తుండు," అన్నాడు. పిల్లాడికి దిష్టి తగిలిందని అతని అనుమానం. మిరపకాయలు కాలిస్తే పొగకి అలారం మోగుతుందని నేను భయపెట్టాను. అందుకని గుప్పెడు ఉప్పు తెచ్చి, అతన్ని బట్టలు మార్చుకునే గదిలో నిలబెట్టి, తల చుట్టూ తిప్పి, చేతులు కడుక్కునే సింకులో పోసి నీళ్ళు వదిలాడు. అంత పొడుగు మనిషి తల వంచి, కళ్ళు మూసుకుని తిప్పించుకున్నాడు. తర్వాత మూడు వేళ్ళు కలిపి తన పద్ధతిలో శిలువ గుర్తు వేసుకున్నాడు. అతను ఒద్దనలేదేమిటా అని నేను అనుకున్నాను. ఏ మందైనా సరే, ఎవరిదైనా సరే అన్నట్టు నిలబడ్డాడు.

డిసెంబరులో ఒక రోజు ప్రాక్టీసు మధ్యలో బెంచీ మీదికి వచ్చి కూలబడ్డాడు. పెదవులు పాలిపోయాయి. నన్ను చేత్తో పిలిచి, "మాయ్‌స్తొరే, మళ్ళీ తెరిచావు," అన్నాడు. తెరవలేదన్నాను. "తెరిచావు. ఇక్కడ కొడుతోంది."

గాలి వేగం కొలిచే చిన్న పరికరం నా దగ్గర ఉంటుంది, చేతిలో పట్టేంత, చిన్న పంకా తిరుగుతుంది. తెచ్చి అతని పక్కన పట్టాను. తల దగ్గర, మెడ దగ్గర, వీపు దగ్గర పెట్టాను. పంకా కదల్లేదు. ఇంకో పక్కకి వచ్చి పట్టాను. కదల్లేదు. అతను నా చెయ్యి పట్టుకుని, పరికరాన్ని తన రొమ్ము మధ్యకి తెచ్చి ఆనించుకున్నాడు. పంకా నిశ్చలంగా ఉంది. మేమిద్దరం దాన్నే చూస్తున్నాం. చొక్కా గుడ్డ మాత్రం కింద నుంచి ఎవరో పొడుస్తున్నట్టు అదురుతోంది.

"పాడైపోయింది నీ మిషను," అన్నాడు.

కారిడార్‌లో ఆ రోజే వాళ్ళ చిన్నాన్న సంగతి చెప్పాడు. సైన్యం నుంచి సెలవు మీద రైల్లో వచ్చాడట. పెట్టెలో రెండు ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంటే మధ్యలో కూర్చున్నాడు. స్టేషన్ నుంచి ఇంటిదాకా పరిగెత్తుకుంటూ వచ్చాడు, అమ్మని ఉలిక్కిపడేలా చేద్దామని. పెరట్లో అడుగు పెట్టి, మెట్టు మీద కూర్చుని, పక్కకి ఒరిగిపోయాడు. అప్పటికి చిన్నాన్నకి ఇప్పటి నా వయసే, అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళింట్లో ఎదురెదురు కిటికీలు ఒకేసారి తెరవరు. నాయనమ్మ పోయాక ఆ కాపలా వాళ్ళమ్మ తీసుకుంది.

అల్ నహ్దాలో మా అక్కావాళ్ళ ఇంట్లోనే నేనూ ఉండేవాణ్ణి. హాల్లో కర్టెన్ కట్టి నాకు మంచం వేశారు. అక్క ఒక ఆసుపత్రిలో గుండె జబ్బుల వార్డు నర్సు. అన్నం తింటూ ఈ కబుర్లన్నీ చెప్పాను. నవ్విద్దామనే చెప్పాను. అక్క చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"పరిగెత్తేటప్పుడు వస్తందా, ఆగాకా?"

"పరిగెత్తేటప్పుడే."

"వస్తే ఏం చేత్తాడు?"

"ఏం చెయ్యడు. కూర్చుని లేసు కట్టుకుంటాడు."

"గొంతుక్కూర్చునా?"

"ఆఁ."

అక్క కంచం పక్కకి జరిపింది. "ఆ చిన్నాన్న వాళ్ళ నాన్న సొంత తమ్ముడా, పిన్ని మొగుడా?" అంది. నాన్న తమ్ముడని చెప్పాను. "వాణ్ణి శుక్రవారం భోజనానికి పిలువు," అంది.

మా క్రిస్మస్ అయిపోయి, కిటికీలో నక్షత్రం ఇంకా వేలాడుతోంది. వాళ్ళ క్రిస్మస్ జనవరి ఏడున. అప్పటిదాకా మాంసం తినకూడదు, చేపలు తినొచ్చు అన్నాడు. అక్క చేపల పులుసు పెట్టింది. అతను గుమ్మంలో తల వంచి, కర్టెన్ తీగ దగ్గర మళ్ళీ వంచి లోపలికి వచ్చాడు. అక్క అతని మొహం చూసి ఏసీ కట్టేసింది. మేమంతా చెమటలు కక్కుతూ తిన్నాం. అతనొక్కడూ హాయిగా ఉన్నాడు. ముళ్ళు తీసి కంచం అంచున పేర్చాడు. తమ్ముడి ఫోటో చూపించాడు. "లూకా అంటే మా లూకా సువార్త లూకాయే, ఆయన వైద్యుడు," అంది అక్క. అతను సంతోషించాడు.

చేతులు కడుక్కున్నాక అక్క హ్యాండ్‌బ్యాగులోంచి స్టెతస్కోపు తీసింది. ఊరికే, ఒక్కసారి, అంది. అతను చొక్కా పైకెత్తాడు. అక్క వింది. తర్వాత జరిగింది నేను మరిచిపోలేను. అక్క ఇంకా ఏమీ చెప్పకముందే అతను తనంతట తనే లేచి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టాడు. వదిలాడు. గొంతుక్కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఒక్కొక్క దశలో ఆమె వినేదాకా ఆగాడు.

అక్క స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి నా వైపు తిరిగి తెలుగులో అంది: "వీడికి ఇది కొత్త కాదురా. ఎవరో ముందే చూశారు."

అతనికి తెలుగు రాదు. కానీ తల దించుకున్నాడు.

కుర్రాళ్ళ జట్టు శిబిరం నుంచి వాళ్ళమ్మ ఎందుకు తీసుకుపోయిందో అప్పుడు నాకు తెలిసింది. అక్కడి డాక్టరు చెప్పినదానికి ఆ ఇంట్లో గాలి అని పేరు పెట్టుకుని ఉంటారు. బోస్నియా హాలు, సైప్రస్ హాలు ఎందుకు బాగాలేవో తెలిసింది. నేను ఎత్తు అడిగిన కప్పులూ, గీయించుకున్న కిటికీలూ ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి.

అక్క వదల్లేదు. వెంటపడి ఆసుపత్రికి రప్పించింది, గుండెకి ఎకో తీయించింది. నేనూ వెళ్ళాను. గుండె గదుల మధ్య గోడ ఉండాల్సినదానికంటే బాగా మందంగా ఉందనీ, ఆట మానెయ్యాలనీ, తగ్గించడం కాదు మానెయ్యడమేననీ డాక్టరు చెప్పాడు. ఇది రక్తంలో వస్తుంది కాబట్టి తోబుట్టువులకి కూడా పరీక్ష చేయించాలన్నాడు. బయటికి వచ్చాక అక్క అదే మాట ఇంకోసారి చెప్పింది, లూకాకి కూడా అని.

"లూకా బాగానే ఉన్నాడు," అన్నాడు. "వాడి గదికి మా అమ్మ ఒకటే కిటికీ ఉంచింది."

కోచ్‌కి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని అక్క అడిగింది. ఇటలీ మనిషి వచ్చి వెళ్ళేదాకా ఆగమని బతిమాలతాడనుకున్నాను. బతిమాలలేదు. "నేనే చెబుతాను," అన్నాడు. మర్నాడు నిజంగానే కోచ్‌ని వెంటబెట్టుకుని ముదీర్ గదిలోకి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ముదీర్ చెడ్డవాడేం కాదు. లేచొచ్చి అతన్ని కావలించుకుని, కళ్ళు తుడుచుకున్నాడట. ఆ పైన, నా హాల్లో ఈ పిల్లవాడు పడిపోతే అల్లాకి నేనేం చెప్పను, ఖలాస్, అన్నాడట. సాయంత్రానికల్లా అతని చొక్కా బీరువాలోంచి తీసేశారు. పాస్‌పోర్టు చేతికిచ్చారు. వారంలో ఇంకో దేశం నుంచి ఇంకో ఆటగాడు దిగాడు, పాడైన కంప్రెసర్ తీసి కొత్తది బిగించినట్టు. కొత్తవాడు వచ్చీరాగానే హాలు వేడిగా ఉందన్నాడు. మూసిన జాలీలన్నీ తెరిచాను.

అందరూ చేసింది సరైన పనే. నేను ఇప్పటికీ అదే అంటాను. కానీ నిజం చెబితే ఒక్క పూటలో ఏమవుతుందో అతను షార్జాలో కళ్ళారా చూశాడు.

ఎయిర్‌పోర్టుకి నేనూ రాజన్నా వెళ్ళాం. ఊళ్ళో పిల్లలకి ఆట నేర్పుతానన్నాడు. రాజన్న అతని చెయ్యి వదలకుండా, "ఇంటికాడ ఉండు బిడ్డా. గంజి తాగైనా బతుకచ్చు," అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. అతను చాలాసేపు ఆలోచించి, "నాకు ఇంకో పని రాదు అని చెప్పు," అన్నాడు. రాజన్నకి చెప్పాను. రాజన్నకి కోపం వచ్చింది. "నేనేమన్న పని నేర్సుకొని పుట్టిన్నా?" అన్నాడు. అది మాత్రం నేను అతనికి చెప్పలేదు.

మూడు నెలలకి ఫోన్ వచ్చింది. నంబరు ముందు కోడ్ చూస్తే సెర్బియాది కాదు. రుమేనియా. మాటల వెనక బంతి చప్పుడు. పిల్లలకి నేర్పుతున్నావా అన్నాను. "అవును, పిల్లలే," అన్నాడు. ఆ పిల్లల్లో ఒకడు బొంగురు గొంతుతో బూతు తిట్టి నవ్వాడు. తర్వాత ఇంకో కోడ్ వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. ప్రతిసారీ నేను కోడ్ ఏ దేశానిదో వెతికి చూసేవాణ్ణి. ప్రతిసారీ అది ఇంకాస్త ఉత్తరాన ఉండేది, ఇంకాస్త చిన్న జట్టుది. ఎక్కడ డాక్టరు కాగితాలు అడగరో అక్కడికి పోతున్నాడు. ఒకసారి అక్క ఫోన్ లాక్కుని, ఆడుతున్నావా అని సూటిగా అడిగింది. ఇక్కడి డాక్టరు బాగానే ఉందన్నాడని చెప్పాడు. ఎకో తీశాడా అంది. అతను మా క్షేమసమాచారాలు అడిగాడు. లూకాకి చూపించావా అంది. లైను కట్ అయింది. కట్ చేశాడో, అయిందో తెలియదు. ఆ తర్వాత ఫోన్ రాలేదు. రాజన్నే చేశాడు, నేను క్లబ్బు వదిలి వేరే పనిలో, ఆ కోల్డ్ స్టోరేజీ కప్పు మీద ఉన్నప్పుడు.

చనిపోయిన నలభయ్యో రోజు వాళ్ళకీ ప్రార్థన ఉంటుంది, మా చర్చిలో లాగే. ఆ రోజు శుక్రవారం పడింది. ఇక్కడ సెలవూ, చర్చి ఆరాధనా శుక్రవారమే. అక్క అప్పుడే చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోలేదు. కోచ్ దగ్గర్నుంచి నాకు ఫోన్. వాళ్ళ ఊళ్ళో, వాళ్ళమ్మ వంటింట్లోంచే మాట్లాడుతున్నానన్నాడు. వెనక గిన్నెల చప్పుడు, ఆడవాళ్ళ గొంతులు. ఆమె నన్ను ఒకటి అడగాలనుకుంటోందట. షార్జాలో గాలి మిషన్లు చూసే స్నేహితుడు ఒకడున్నాడని కొడుకు చెప్పేవాడట. నేను ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టాను.

ఆమె గొంతు సన్నగా, నిలకడగా ఉంది. కోచ్ ఇంగ్లీషులో చెప్పాడు: "అక్కడ మా వాడు గాలికి ఎదురుగా పడుకునేవాడా అని అడుగుతోంది. దీనికి మూలం ఆ దేశంలోనే పడిందని ఊళ్ళో అంటున్నారు."

నేను నింపాదిగా, ఒక్కొక్క వాక్యం తెంపి చెప్పాను. గాలి కాదమ్మా. నేను కొలిచాను, అక్కడ గాలి లేదు. అది గుండె. వాళ్ళ చిన్నాన్నది కూడా గుండే అయి ఉంటుంది. డాక్టరు చెప్పింది నేను విన్నాను. చిన్నబ్బాయికి వెంటనే ఎకో తీయించండి, అప్పటిదాకా ఆడనివ్వకండి.

కోచ్ ఆమెకి రెండు ముక్కలు చెప్పాడు. నేను చెప్పినదానికి అవి చాలా తక్కువ. ఆమె పెద్దగా ఊపిరి వదిలి, "హ్వాలా, హ్వాలా," అంది. ఆ మాట నాకు తెలుసు. థాంక్స్ అని.

"నేను చెప్పింది చెప్పారా?" అన్నాను.

"ఇవాళ కాదు," అన్నాడు కోచ్, గొంతు తగ్గించి. "చిన్నవాణ్ణి బెల్‌గ్రేడ్‌లో పెద్ద జట్టు తీసుకుంది. సోమవారం వెళ్తున్నాడు. ఆమెకి మిగిలింది అదొక్కటే. ఇవాళ వద్దు."

అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కోచ్‌తో మాట్లాడలేదు. "అమ్మా," అంది. అవతల చప్పుడు ఆగింది. అక్కకి వాళ్ళ భాష రాదు, ఆమెకి ఇంగ్లీషు రాదు. అక్క వార్డులో వినబడని ముసలివాళ్ళతో మాట్లాడేటట్టు, ఒక్కొక్క మాటే గట్టిగా చెప్పింది. "హార్ట్. కార్డియో. ఎకో." ఆమెకి కనబడుతున్నట్టు పిడికిలితో తన రొమ్ము మీద కొట్టుకుంది. "టూ సన్స్, అమ్మా. టూ."

కోచ్ ఏదో అనబోయాడు. ఆమె అతన్ని ఒక్క మాటతో ఆపేసింది. కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత ఆమె ఎవర్నీ అడగకుండా, సూటిగా ఫోన్‌లోకే అంది.

"లూకా?"

"ఎస్ అమ్మా," అంది అక్క. "లూకా."